ముసురులో మన్యం

వాన పడుతోందని ప్రయాణం మానుకునేవాళ్లకు అరకు, పాడేరు కొండలు సగమే తెలుసు. మిగతా సగాన్ని కెమెరాతో చూడాలంటే మబ్బు దిగిన రోజుల్లోనే వెళ్లాలి.

‘బంగాళాఖాతంలో అల్పపీడనం... ఉత్తరాంధ్రలో అక్కడక్కడా భారీ వర్షాలు’ అని టీవీలో వినపడగానే అరకులో గదుల బుకింగులు రద్దవడం మొదలవుతుంది. పిల్లలకు జలుబు చేస్తుందని, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడతాయని, అంతదూరం వెళ్లినా ఏమీ కనపడదని ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటారు. మొదటి రెండు భయాలూ న్యాయమైనవే, వాటి సంగతి తర్వాత చెప్పుకుందాం. మూడోదానితోనే నా పేచీ. కొండల్లో ఫొటోలు తీయడానికే సెలవు పెట్టి వెళ్లే మనిషికి, ఏమీ కనపడని రోజు కంటే మంచి రోజు దొరకదు.

పంతానికి చెబుతున్న మాట కాదిది. ఎండ కాసే రోజున గాలికొండ వ్యూపాయింట్‌లో నిలబడి చూడండి. ఎదురుగా అనంతగిరి కొండల వరసలు, కింద లోయ, కళ్లకు బాగానే ఉంటుంది. కెమెరా ఎత్తాక తెలుస్తుంది ఇబ్బంది. సెల్ టవరు, కరెంటు తీగలు, మలుపులో ఆగిన బస్సులు, మొక్కజొన్న పొత్తులు కాల్చే బళ్ల మీద రంగురంగుల గొడుగులు, వాటన్నిటి వెనక ఎక్కడో కొండ. మన చూపు కొండ మీదే ఉంటుంది కాబట్టి మనసు మిగతావాటిని పక్కకు నెట్టేస్తుంది. కెమెరాకు ఆ నేర్పు లేదు, ఉన్నవన్నీ ఎత్తి పెట్టేస్తుంది. ఫ్రేములోంచి ఏది తీసేయాలో తెలుసుకోవడానికే ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లకు ఏళ్లు పడుతుంది. మబ్బు దిగిన రోజున ఆ పని మన్యమే చేసి పెడుతుంది. టవరు పోతుంది, తీగలు పోతాయి, లోయ పోతుంది. ఒక చెట్టు మిగులుతుంది. ఆ ఒక్క చెట్టును ఎలా చూడాలన్నదే ఇక మన పని.

రెండు రకాల మబ్బు

తూర్పు కనుమలు ఇక్కడ తీరానికి దగ్గరగా లేస్తాయి. శృంగవరపుకోట దాటిన కాసేపటికే రోడ్డు మెలికలు తిరగడం మొదలెడుతుంది. సముద్రం మీంచి తేమ మోసుకొచ్చిన గాలికి కొండ అడ్డం పడితే పైకి లేవక తప్పదు. లేచేకొద్దీ అది చల్లబడుతుంది. కిలోమీటరు ఎత్తుకు సగటున 6 డిగ్రీల పైచిలుకు తేడా ఉంటుంది. చల్లబడిన గాలి అంత తేమను పట్టి ఉంచలేదు కాబట్టి ఆవిరి సన్నని నీటి బిందువులవుతుంది. ఒక్కోటి మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఉంటుంది. అంత సైజు బిందువులు వెలుగులోని అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. అందుకే మబ్బు తెల్లన. కింద శృంగవరపుకోటలో నిలబడినవాళ్లకు అది కొండమీద కూర్చున్న మబ్బు. అనంతగిరిలో ఉన్నవాళ్లకు మాత్రం దారి కనపడని తెల్లదనం.

ఇక్కడొక సంగతి ముందే తెలుసుకుని వెళ్లాలి. పాడేరు పక్కనున్న వంజంగి కొండ మీంచి తీసిన ఫొటోలు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఉన్నాయి. కింద పాలసముద్రం, మధ్యలో దీవులుగా కొండ శిఖరాలు, వాటి మీంచి పొద్దు పొడుపు. అది వానాకాలపు బొమ్మ కాదు. నవంబరు నుంచి జనవరి దాకా, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో నేల త్వరగా చల్లారుతుంది. బరువెక్కిన చల్లగాలి లోయలోకి దిగి అక్కడే పొగమంచుగా నిలిచిపోతుంది. మనం దానికి పైన ఉంటాం. సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉన్న లంబసింగికి చలికాలంలో జనం ఎగబడేదీ ఆ చలికోసమే, ఆ మంచుకోసమే. వానాకాలంలో మాత్రం మబ్బు లోయలో పడుకోదు, కొండ మీంచి నడిచి వెళ్తుంది. మనం దాని లోపల ఉంటాం. వంజంగి పాలసముద్రం చూద్దామని జులై, ఆగస్టుల్లో తెల్లవారుజామున టార్చిలైట్లతో ఎక్కి, పైన తమ చెయ్యి తమకే సరిగా కనపడక, వానలో తడిసి, నీరసంగా దిగివచ్చేవాళ్లు ఎందరో. వాళ్లకు దొరకనిది దొరకలేదని బాధే కానీ, దొరికినదాన్ని చూడలేదు. దారిపొడవునా ఉన్న కాఫీతోటల్లో ఆ పూట ఎలాంటి వెలుగు ఉందో కెమెరా తీసి చూసినవాళ్లు తక్కువ.

నన్నడిగితే చలికాలపు వంజంగి కంటే ఆషాఢ శ్రావణాల్లోని అనంతగిరే గొప్పది. చలికాలంలో అందరికీ ఒకే ఫొటో వస్తుంది. వానాకాలంలో పది మంది వెళ్తే పది కొండలు తెస్తారు.

అద్దాల పెట్టెలో వాన

విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండోల్ రైలు ఎక్కడం ఈ ప్రయాణానికి సరైన ఆరంభం. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి, జపాన్ సహకారంతో 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండోల్ లైను ఇది. అరకు చేరేలోపు ఒకదాని వెంట ఒకటిగా సొరంగాలు వస్తాయి. 2017 నుంచి దీనికి అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె కూడా తగిలించారు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ... ఒక్కో స్టేషనూ దాటేకొద్దీ ఉక్కపోత తగ్గి, కిటికీ అద్దం మీద నీళ్లు పెరుగుతాయి. సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ ఒకప్పుడు దేశంలోనే అన్నిటికంటే ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషను.

తడిసిన అద్దంలోంచి ఫొటోలేం వస్తాయని కెమెరా సంచిలో పెట్టేసుకోకండి. రెండు దారులున్నాయి. లెన్సును అద్దానికి ఆనించి, చుట్టూ నల్లగుడ్డ కప్పితే లోపలి లైట్ల ప్రతిబింబం పోతుంది. రైలు కదులుతోంది కాబట్టి షట్టరు వేగం సెకనులో 500వ వంతు కంటే తగ్గకూడదు. రెండోది నాకు ఎక్కువ ఇష్టం: ఫోకస్ అద్దం మీది చుక్కల మీద పెట్టి, వెనక కొండను పచ్చటి మరకగా వదిలేయడం. సొరంగంలోంచి బయటపడిన మరుక్షణం వెలుగు చుక్కల్లోకి దూకుతుంది. ఒక్కో చుక్కలో లోయ తలకిందులుగా కనపడుతుంది. తలుపు దగ్గర వేలాడుతూ మాత్రం తీయకండి. తడి పట్టిన మెట్టు, ముంచుకొచ్చే సొరంగం గోడ. ఏ ఫొటో కూడా అంత ఖరీదు చేయదు.

సిల్వర్ ఓక్ కింద

అరబికా కాఫీకి నీడ కావాలి. అందుకని తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా పెంచి, వాటి మాను మీదికి మిరియాల తీగ పాకిస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఈ చెట్లు పెద్దసంఖ్యలో కూలి, వాటి కింది కాఫీ మొక్కలు నలిగిపోయాయి. అక్కడక్కడా తోటల మధ్య ఒక్కసారిగా ఆకాశం కనిపించే ఖాళీలు చూస్తే పాతవాళ్లు ఆ తుపాను మాటే ఎత్తుతారు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశదేశాల్లో ఆ కాఫీ తాగేవాళ్లున్నారు.

మబ్బు దిగిన పూట ఆ తోటలోకి వెళ్లి నిలబడాలి. దగ్గర చెట్టు నల్లగా, దాని వెనకది బూడిదరంగులో, ఆ వెనకది ఉందో లేదో అన్నట్టు, ఆపైన ఏమీ లేదు. మామూలు రోజున ఇదే చోట ఫొటో తీస్తే అన్ని మానులూ ఒకదాని మీద ఒకటి పడి గందరగోళంగా ఉంటాయి. మబ్బు వాటిని దూరాన్ని బట్టి విడదీసి నిలబెడుతుంది. ముందున్న మాను దగ్గరికి వెళ్తే, తడి బెరడు మీద తెల్లటి పాచి మచ్చలు, దానికి అతుక్కున్న మిరియాల తీగ వేళ్లు, గుండె ఆకారపు ఆకు కొసన ఆగిన నీటిచుక్క కనిపిస్తాయి. చుక్క సాగుతుంది, ఊగుతుంది, రాలదు. రాలిందా, పైఆకు మీంచి ఇంకోటి వచ్చి అక్కడే ఆగుతుంది. వాన ఆగినా ఈ చెట్ల కింద గంటసేపు వాన పడుతూనే ఉంటుంది.

ఇక్కడ కెమెరా రెండు విధాలుగా తికమకపడుతుంది. ఎదురుగా ఏది ఉన్నా మధ్యస్థంగా బూడిదరంగులో ఉంటుందన్న లెక్కతో దాని మీటరు పనిచేస్తుంది. తెల్లటి మబ్బును చూపిస్తే, ఇదేదో మరీ వెలుగనుకుని తగ్గించేస్తుంది. ఇంటికొచ్చి చూసుకుంటే మబ్బంతా మురికి పట్టి ఉంటుంది. అందుకే ఎక్స్‌పోజరును ముప్పావు నుంచి ఒకటింబావు స్టాపు దాకా పెంచుకోవాలి. ఫోనులోనైతే తెర మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరిపితే చాలు. రెండోది ఫోకస్. అంచులు మెత్తబడ్డ దృశ్యంలో ఆటోఫోకస్‌కు పట్టు దొరకదు, లెన్సు ముందుకూ వెనక్కూ ఊరికే వెతుక్కుంటూ ఉంటుంది. దగ్గరి మాను అంచు మీద చేత్తో ఫోకస్ చేసుకోవడం మేలు.

రంగు గురించి ఎవరి అభిరుచి వాళ్లది. దట్టమైన మబ్బు కింద వెలుగులో సన్నటి నీలం ఉంటుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని కడిగేసి తెల్లగా చేస్తుంది. నేను డేలైట్ మీద పెట్టి ఆ నీలాన్ని ఉంచుతాను. చలి ఫొటోలోకి వచ్చేది ఆ కాస్త నీలంలోంచే. తడి ఆకుల మీద మెరుపు ఎక్కువై పచ్చదనం తేలిపోతుంటే పోలరైజర్ ఫిల్టరు తగిలించి మెల్లగా తిప్పండి. ఒక చోట మెరుపు తొలగి, ఆకు తన అసలు రంగులోకి వస్తుంది. ఎండరోజుల్లో నీలాకాశాన్ని ముదురు చేయడానికి వాడే ఫిల్టరు ఇది. వానరోజునే దీనికి ఎక్కువ పని. ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది కాబట్టి ట్రైపాడ్ ఉండాలి.

తెరిపి

ముసురు పట్టిన కొండల్లో రోజంతా ఎదురుచూసేది తెరిపి కోసమే. ఘాట్ రోడ్డు పక్కన టీకొట్టులో కూర్చుంటే, పొయ్యి ఊదుతున్న అమ్మ బయటికొక చూపు చూసి చెప్పేస్తుంది: “కూకోండి బాబూ, ఇది ఇప్పుడే ఇడవదు.” ఆమె మాట మీద రెండో టీ తాగొచ్చు. ఫోనులోని వాతావరణ యాప్‌కు ఈ లోయ, ఆ లోయ అన్న తేడా తెలియదు. ఇక్కడ కుండపోతగా ఉన్నప్పుడు కొండకు అటువైపు సుంకరిమెట్టలో చినుకు లేకపోవచ్చు. ఆ తేడా పొద్దున్నే అటునుంచి వచ్చిన బస్సు డ్రైవరుకు తెలుస్తుంది, తడి గొడుగుతో దిగినవాళ్లకు తెలుస్తుంది. వాళ్లతో మాట కలపడం కూడా ఈ పనిలో భాగమే.

తెరిపి వచ్చేముందు గాలి మారుతుంది. అప్పటిదాకా నిలకడగా ఉన్న తెల్లదనం కదలడం మొదలెడుతుంది. ఒకచోట పలచబడుతుంది, మరోచోట చిక్కబడుతుంది. లోయ అడుగున ఒక మడి చెక్క పచ్చగా తేలుతుంది. మరుక్షణం మూసుకుపోయి, ఇంకెక్కడో కొండభుజం బయటపడుతుంది. ఇదంతా నాలుగైదు నిమిషాలు. ఆ నిమిషాల్లో ట్రైపాడ్ కాళ్లు విప్పుతూ కూర్చుంటే ఏదీ అందదు. ఎక్కడ నిలబడాలో, ఏ లెన్సు కావాలో వానలోనే తేల్చుకుని, గొడుగు కింద సిద్ధంగా ఉండాలి. చాలామంది విశాలమైన లెన్సు పట్టుకుంటారు, అదే సహజం. నా సలహా మాత్రం 70–200 లాంటి పొడవు లెన్సు. తెరిపిలో అందం లోయంతా పరుచుకుని ఉండదు, ఎక్కడో ఒక మూల ఉంటుంది. ఆ మూలను ఏరుకోవాలి.

ప్రకృతి దృశ్యాల ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ పేరు చెప్పకుండా ఈ విషయం ముగించలేం. ఆయన 14 ఏళ్ల వయసులో, 1916లో, అమ్మానాన్నలు కొనిచ్చిన బాక్స్ బ్రౌనీ కెమెరాతో అమెరికాలోని యోసెమిటీ లోయను మొదటిసారి ఫొటో తీశాడు. జీవితమంతా అక్కడికే వెళ్తూ ఉన్నాడు. ‘క్లియరింగ్ వింటర్ స్టార్మ్’ పేరుతో ప్రసిద్ధమైన ఆయన ఫొటో వాన మంచుగా మారి, ఆ మంచు కూడా విడుస్తున్న వేళ తీసింది. అదే చోటికి ఏటా లక్షలమంది వచ్చి నిలబడి ఫొటో తీసుకుంటారు. లోయ అదే, కొండలు అవే. ఆ మబ్బు తొలగుతున్న కొన్ని నిమిషాలే తేడా. వాటిని అందుకోవాలంటే, ఇక లాభం లేదని అందరూ కార్లెక్కి వెళ్లిపోయాక కూడా అక్కడ ఉండాలి.

వానలో మనుషులు

న్యూజిలాండ్ ఫొటోగ్రాఫర్ బ్రయన్ బ్రేక్ 1960లో మన దేశమంతా రుతుపవనాల వెంట తిరిగాడు. 1961లో లైఫ్ పత్రికలో వచ్చిన ఆ ఫొటో కథనం ప్రపంచానికి భారతీయ వర్షాన్ని పరిచయం చేసింది. అందులో అందరికీ గుర్తుండిపోయినది, ముఖం ఎత్తి కళ్లు మూసుకుని తొలకరిని ఆస్వాదిస్తున్న అమ్మాయి బొమ్మ. ఆ అమ్మాయే తర్వాత ‘36 చౌరంగీ లేన్’ సినిమా తీసిన అపర్ణాసేన్. ఆ చినుకులు మాత్రం ఆకాశం నుంచి పడినవి కావు. కలకత్తాలో ఒక డాబా మీద, మొక్కలకు నీళ్లు పోసే క్యాన్‌తో పోసినవి. బొమ్మ అందమైనదే, కాదనను. కానీ ఏడేళ్ల తర్వాత, 1967లో, బిహార్‌లోని మోంఘీర్‌లో రఘుబీర్ సింగ్ తీసిన ఫొటో ముందు అది నిలవదని నా నమ్మకం. జోరువానలో చిక్కుకుని, తడి చీరలు ఒంటికి అతుక్కుపోయి, ఒకరినొకరు ఆనుకుని దగ్గరగా ఒదిగిన ఆడవాళ్లు. ఆ వాన వాళ్ల మీద పడుతోంది. చూస్తున్న మనకు తెలిసిపోతుంది.

మన్యంలో ఫొటోలు తీసేవాళ్లకు ఈ తేడా తెలియాలి. వరినాట్లు వానలోనే పడతాయి. మెట్లు మెట్లుగా చెక్కిన మడుల్లో ప్లాస్టిక్ పట్టా తలమీదుగా కప్పుకుని వంగిన ఆడవాళ్లు, దుక్కిలో ఎడ్ల వెనక మనిషి, అల్లం చేనులో కలుపు తీస్తున్న పిల్ల. అటు కెమెరా తిప్పాలనిపిస్తుంది, సహజమే. ముందు దగ్గరికి వెళ్లి పలకరించండి. తీయమంటే తీయండి, వద్దంటే కొండ ఎలాగూ ఉంది. ‘ఒకసారి ఇటు తిరగమ్మా, నవ్వమ్మా’ అని వానలో నిలబెట్టకండి. వాళ్ల పనిపూట అది.

అనంతగిరి దగ్గర ఒక కాఫీతోటలో ట్రైపాడ్ పెట్టుకుని ఉంటే, తోట రైతు గొడుగు వేసుకుని వచ్చి చాలాసేపు చూశాడు. “ఏటి బాబూ, ఈ మబ్బులో ఏం కనపడతాదని తీస్తన్నారు?” అన్నాడు. కెమెరా తెర మీద చూపించాను. బాగుందన్నట్టు తలూపి, పక్కనే ఉన్న కాఫీ కొమ్మ వంచి చూపించాడు. కొన్ని ఆకులు నల్లబడి, తడిసి, కొమ్మకే అతుక్కుని వేలాడుతున్నాయి. కాయ గుత్తిలో సగం లేదు. “ఈ ముసురు ఇంకో వారం ఇలాగే పట్టిందంటే కాయ నిలవదు బాబూ. ఎండ కొట్టాలి.” కొళెరోగ అని కాఫీ బోర్డు వాళ్లు చెప్పే నల్లకుళ్లు తెగులు అది. ఎడతెగని వాన, మబ్బు, తడి కలిస్తే పుట్టే బూజు. నేను రెండు రోజులుగా ఆగిపోకూడదని కోరుకుంటున్న మబ్బు, ఆయన విడిచిపోవాలని కోరుకుంటున్న మబ్బు ఒకటే. ఆ తర్వాత ఆ తోటలో తీసిన ఫొటోల్లో నల్లబడ్డ ఆ కొమ్మ కూడా ఉంది. మబ్బు అందం చూపించి ఆ కొమ్మను దాచేయడం నాకు సబబనిపించలేదు.

ఇంకా లోపలి ఊళ్లలో వాన అంటే దారి తెగిపోవడం. వాగు పొంగితే ఆటో రాదు, అంబులెన్సు రాదు. నెలలు నిండిన ఆడమనిషిని డోలీ కట్టి కొండ దించి, వాగు దాటించి తీసుకొచ్చిన సంగతులు ప్రతి వానాకాలం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. మనం సెలవు మీద వచ్చాం, వాళ్లకు ఇది బతుకు. ఆ ఊళ్ల రోడ్డు గురించి, వంతెన గురించి రాయడానికో మాట్లాడటానికో మన ఫొటోలు పనికొస్తే అంతకంటే కావలసింది లేదు.

ఎర్ర నీళ్లు

వానాకాలం కటికి జలపాతం తెల్లగా ఉండదు, ఎరుపెక్కుతుంది. ఈ కొండల్లో ఎక్కువగా ఉండే శిల పేరు ఖోండలైట్. ఇక్కడి కోందు ఆదివాసుల పేరే 1902లో దానికి పెట్టారు. అది చివికి ఎర్రమట్టి అవుతుంది. జోరువాన ఆ మట్టిని కడిగి గోస్తనిలో కలుపుతుంది. బొర్రా గుహల కింద నుంచి పారి, తాటిపూడి జలాశయంలో ఆగి, విశాఖకు మంచినీళ్లిచ్చి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే నది ఇదే. సముద్రం నుంచి లేచిన తేమ ఇలా వచ్చి ఇలా తిరిగి వెళ్తుందన్నమాట. ఎర్రనీళ్లని చూసి ఫొటోలు మానేస్తారు చాలామంది, లేదంటే కంప్యూటర్లో రంగు తీసేసి తెల్లగా చేస్తారు. అక్కర్లేదు. ఆ ఎరుపు ఈ కొండ రంగు. షట్టరు సెకనులో నాలుగో వంతుకు తెచ్చి చూడండి, నీటి పోగులు విడివిడిగా నిలుస్తాయి. నాలుగైదు సెకన్లు పెడితే అంతా నురగపొగ అయి జలపాతం బలం పోతుంది.

అయితే దూరం నుంచే. కొండమీద ఎక్కడో కురిసిన వాన, మీ తలమీద చుక్క పడకుండానే వాగులో గోడకట్టి వస్తుంది. నీటి రంగు ఒక్కసారిగా మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం మొదలైనా వెంటనే గట్టెక్కాలి. చాపరాయి జలపాతం లాంటి చోట్ల బండ పాచిపట్టి ఉంటుంది, బూటు కూడా ఆగదు. నీళ్లలో దిగి ఫొటోకు నిలబడి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు చదివినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది. రోడ్డు మీదకు పారుతున్న నీటిలోకి కారు దించమని డ్రైవరును బలవంతపెట్టకండి. కొండవైపు నుంచి చిన్నరాళ్లు దొర్లుతున్నాయంటే వెనక పెద్దది ఉండొచ్చు. అక్కడ ఫొటో కోసం ఆపకూడదు. తుపాను హెచ్చరిక ఉంటే అసలు ఎక్కొద్దు, ఎక్కి ఉంటే గదిలోనే ఉండండి. ముసురు వేరు, తుపాను వేరు.

తడి, బూజు, ఆరబెట్టడం

కెమెరాకు ఖరీదైన వానకోటు కొనక్కర్లేదు. పెద్ద గొడుగు, హోటల్ గదిలో ఇచ్చే తలకు పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ, నాలుగు పాత కాటన్ తువ్వాళ్లు చాలు. లెన్సుకు హుడ్ మాత్రం తప్పనిసరిగా ఉండాలి, పక్క జల్లు ఆపేది అదే. లెన్సు మార్చాల్సి వస్తే కారులోనో కొట్టులోనో మార్చుకోండి. కారు ఏసీ ఆపేసి, కిటికీలు కొంచెం దించి ప్రయాణించండి. ఏసీలో చల్లబడిన గాజును బయటి తేమగాలిలోకి తెస్తే క్షణంలో ఆవిరి పట్టేస్తుంది. దాన్ని తుడిచేకొద్దీ మళ్లీ పడుతుంది. సరిగ్గా అప్పుడే తెరిపి వస్తుంది.

అసలు శత్రువు వాన కాదు, బూజు. గాలిలో తేమ 70 శాతం దాటిన చోట, చీకటి సంచిలో తడి లెన్సును కొన్నాళ్లు ఉంచితే గాజు మీద సాలెగూడు అల్లుకుంటుంది. ఒకసారి పట్టాక పూర్తిగా పోగొట్టడం కష్టం, పూత దెబ్బతింటుంది. రాత్రి గదికి చేరగానే సంచిలోంచి అన్నీ బయటికి తీసి, పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి ఆరబెట్టండి. తర్వాత సిలికా జెల్ ప్యాకెట్లతో గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. ముసురు రోజుల్లో గదిలో దుప్పటి కూడా చెమ్మగానే ఉంటుంది. అందుకే ఈ పని మర్నాటికి వాయిదా వేయడానికి లేదు. మీకోసం మాత్రం ఒక జత పొడిసాక్సులు విడిగా దాచుకోండి.

తిండికి లోటుండదు. సంతలో వెదురు కొమ్ములు వస్తాయి, పుట్టగొడుగులు వస్తాయి, ఘాట్ రోడ్డు పక్కన అనాసపళ్లు కోసి ఉప్పూకారం చల్లి ఇస్తారు. బస చేసిన ఇంట్లో అడిగితే వేడివేడి చోడి అంబలి పోస్తారు. తడిసి వచ్చిన పొట్టకు దానికి మించినది లేదు.

కొండ దిగాక

ఫొటోలను ఫోను తెర మీద చూసి తీర్పు చెప్పకండి. మబ్బు ఫొటోలో ఉన్నదంతా తెలుపుకూ బూడిదకూ మధ్యనున్న సన్నటి మెట్లలో ఉంటుంది. వేలెడంత తెర మీద అవన్నీ కలిసిపోతాయి. నిగనిగలాడే కాగితం వద్దు, మెరుపు లేని మ్యాట్ కాగితం మీద కొంచెం పెద్దగా ప్రింటు వేయించి చూడండి. మూడో వరస చెట్టు, దాని వెనక నాలుగోది, మీరు అక్కడ నిలబడినప్పుడు కూడా గమనించనిది, కాగితం మీద కనపడుతుంది. కంప్యూటర్లో ‘డీహేజ్’ అని ఒక మీట ఉంటుంది. నొక్కితే మబ్బంతా చెదిరి కొండ స్పష్టంగా వస్తుంది. దాని జోలికి పోకండి, దయచేసి. అంతదూరం వెళ్లి తెచ్చుకున్నది ఆ మబ్బునే.

ఇంకొక నాలుగు ప్రింట్లు విడిగా వేయించండి. తోట చూపించిన రైతుకొకటి, నాట్లేస్తూ ఫొటో తీసుకోనిచ్చిన వాళ్లకు తలా ఒకటి. పంపిస్తానని చెప్పి పంపని ఫొటోగ్రాఫర్లను వాళ్లు చాలామందిని చూశారు. పోస్టులో పంపేదానికంటే మళ్లీ వెళ్లినప్పుడు చేతికివ్వడం మంచిది. వలిసెలు పసుపుగా పూసే నవంబరులో వెళ్తారో, కాఫీ పళ్లు కోసే డిసెంబరులో వెళ్తారో మీ ఇష్టం. సంత ఏ వారమో ముందే కనుక్కుని ఆ రోజుకు చేరుకోండి. కొండమీది ఊళ్లవాళ్లంతా ఆ రోజు కిందికి దిగుతారు, ఇల్లిల్లూ వెతుక్కోనక్కర్లేదు.